ఆటకు ఒజ్జ

మా తిరువూరు ప్రాంతమున చెడుగుడు చూడని పెద్ద లేఁడు. ఆటగాని పేరు అందఱును ఎఱుఁగుదురు. పోటీలు కూర్చి, నియమములు కాచి, బాలురను తీర్చినవానిని మాత్రము మఱతురు. అట్టివారిలో నొకరిని గూర్చి నేఁడు విన్నవించెదను. ఆయన హైదరాబాదు వాస్తవ్యులు, బడిపంతులు, సయ్యదు అబ్దుల్ రహీముగారు.

1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1963లో మరణించువఱకు ఆ భారమును వహించిరి. మనలో చాలమందికి కుడికాలే వాటము, ఎడమకాలు మొద్దు. ఇది కనిపెట్టి రహీముగారు చిత్రమైన పందెములు పెట్టించిరి. వాటమైన కాలితో బంతిని తన్నరాదు! మఱియొక పందెములో బంతిని తనయొద్దనే త్రిప్పుకొనుచు పోరాదు. వెంటనే తోడివాని కందింపవలయును. పలక పట్టించిన ఒజ్జకుఁ గాక యీ యూహ అన్యులకుఁ దట్టునా? నేనును పంతులనే గనుక పక్షపాతమనుకొన్నను సరే.

1956లో, మెల్‌బోర్ను ఒలింపిక్సునందు, వారు తీర్చిన భారతజట్టు నాలుగవ స్థానము నందెను. 1962 నాఁటికి ఆయన ఊపిరితిత్తులకు కాన్సరను రాచపుండు సోకియుండెను. అయినను ఆసియా క్రీడలకు జట్టును వెంటఁబెట్టుకొని జకార్తా వెళ్లిరి. సెప్టెంబరు 4న తుదిపోటీ. ఎదుట దక్షిణ కొరియా. తలకు కుట్లు పడియున్న జర్నైల్ సింగును వెనుకవరుసనుండి ముందువరుసకు పంపిరి. అతఁడొక గోలు, పి.కె. బెనర్జీ యొక గోలు. 2–1తో స్వర్ణపతకము మనదైనది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీముగారు కన్నుమూసిరి. వయస్సు ఏఁబది మూఁడు. 2023లో జరిగిన హాంగ్‌చౌ క్రీడలవఱకును ఫుట్‌బాలులో ఆ స్వర్ణము మరల మన చేతఁ జిక్కలేదు.