ప్రశ్నపత్రము, చట్టము, మనము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

పండుగపూట చట్టాల మాట ఎందుకని కొందరు అనుకోవచ్చును. పచ్చడిలో వేపపువ్వు కూడా ఉన్నది గదా, కొంచెము ఓర్చుకొనండి.

మన తాతలు చిత్తూరు సీమనుండి ఇక్కడికి గనిపనికి వచ్చినప్పుడు వారిని ఎవరూ పరీక్ష అడగలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటినుండి మన బిడ్డలు చీకటితోనే మారికుప్పంలో బెంగుళూరు రైలెక్కుచున్నారు. లేదా పరీక్షలు రాసి ఉద్యోగము తెచ్చుకొనుచున్నారు. పొలమూ పలుకుబడీ లేని మనవంటివారికి పరీక్ష ఒక్కటే అందరితో సమానముగా పీట వేసేది.

2016లో మా తమ్ముని కూతురు రెండవ పి.యు.సి. రాసినది. మార్చి 21న రసాయనశాస్త్రము రాసి వచ్చినది. పత్రము ముందే బయటపడినదని ఆ పరీక్ష రద్దయినది. 31న మళ్ళీ పెట్టినారు. పిల్ల తల దువ్వుకొని బయలుదేరబోతుండగా, అదీ బయటపడినదని వార్త! చివరకు ఏప్రిల్ 12న రాసినది. రాసి వచ్చి, "పెదనాన్నా, ఇది కూడా రద్దు చేస్తారా?" అని అడిగినది. రాష్ట్రమంతటా లక్షన్నరకు పైగా పిల్లలది ఇదే అవస్థ. మరుసటి సంవత్సరము కర్ణాటక విద్యాచట్టమును సవరించి శిక్షలు పెంచినారు.

చట్టాలు లేక కాదు. ఆంధ్రలో 1997లోనే చట్టము వచ్చినది. అయినను తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్‌-1 ప్రాథమిక పరీక్షను, పత్రము బయటపడినందున, 2023 మార్చిలో రద్దు చేయవలసి వచ్చినది.

కేంద్రము 2024లో చేసిన చట్టము జూన్ 21నుండి అమలులోనికి వచ్చినది. మామూలు నేరమునకు మూడునుండి అయిదేండ్లు, ముఠా కట్టి చేసినచో అయిదునుండి పదేండ్ల జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా. బెయిలు హక్కుగా దొరకదు. రైల్వే, బ్యాంకు, సివిల్ సర్వీసు, నీట్ వంటి పరీక్షలకే ఇది వర్తించును, పి.యు.సి.కి రాష్ట్ర చట్టమే దిక్కు. ఇందులో నాకు నచ్చినదొకటి: ఇది పరీక్ష రాసే పిల్లలను జైలుకు పంపుటకు చేసినది కాదు, అమ్మేవారిని పట్టుటకు చేసినది. కాని తల్లిదండ్రులము పరీక్ష రాసేవారము కాము గదా! కొనేవాడు లేనిదే అమ్మేవాడు ఎక్కడినుండి వచ్చును?

ఇది ఊరికే అనుట లేదు. ఆ రెండవ పరీక్షకు ముందు ఒక మనిషి మా తమ్ముని ఇంటికి వచ్చి, "పత్రమున్నది, అయిదువేలు" అన్నాడు. తమ్ముడు వెంటనే గెంటివేసినాడని చెప్పవలెనని నాకు ఆశ. కాని అబద్ధమాడను. "రేపు రా" అన్నాడు. రాత్రంతా నిద్రపోలేదు. మరదలు, "పిల్లకు తెలిస్తే ఏమనుకొంటుంది?" అన్నదట. తెల్లవారి వాడు వస్తే, అక్కరలేదు పొమ్మన్నాడు.

వాడు మారు మాటాడక పక్కింటి తలుపు తట్టినాడు. ఆ తలుపు తెరుచుకొన్నది. ఎవరి ఇల్లో ఇక్కడ చెప్పను.