టీకా పరీక్షలు – మన పెద్దల ప్రాణాలు – మన హక్కులు

(జోడ్‌భావి పేట్ కార్మికుల సభలో సంఘం ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడేది కూలి రేట్ల గురించి కాదు, బోనస్ గురించి కాదు. ముసలితనంలో మనిషిని పడగొట్టే న్యుమోనియా వంటి జబ్బులకు వచ్చిన టీకాల గురించి, ఆ టీకాలను ఎవరి మీద, ఏ పద్ధతిలో పరీక్షిస్తారన్న దాని గురించి. ఇది డాక్టర్ల విషయం, మనకెందుకు అనుకోవద్దు. ఇది మొదటి నుంచీ కార్మికుల విషయమే.

షోలాపూర్‌లో 1877లో మొదటి మిల్లు వచ్చిన నాటి నుంచి మన వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పత్తి దుమ్ము పోతూనే ఉంది. పెద్ద మిల్లులు మూతపడ్డాయి. చద్దర్ల, టవళ్ల కార్ఖానాల్లో సాంచాల దగ్గర దుమ్ము ఉంది. ఇంట్లో అక్కలు బీడీలు చుడుతుంటే పొగాకు దుమ్ము ఉంది. ఏళ్ల తరబడి ఇట్లా దెబ్బతిన్న ఊపిరితిత్తుల మీద న్యుమోనియా సులభంగా దాడి చేస్తుంది.

ఈ న్యుమోనియాకు ముఖ్య కారణం న్యుమోకాకస్ అనే బాక్టీరియా. ఇది ఆరోగ్యంగా ఉన్న చాలా మంది ముక్కులో, గొంతులో ఊరకే ఉంటుంది. వయసు మీద పడి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అక్కడి నుంచి రక్తంలోకి పాకితే, మెదడు పొరలకు చేరితే, ప్రాణం దక్కడం కష్టం. ఈ క్రిమిలో 100కు పైగా రకాలున్నాయి. టీకాలో ఏ రకాలు చేర్చారో వాటి నుంచే ముఖ్యంగా రక్షణ దొరుకుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇక చరిత్ర చూద్దాం. ఈ టీకాను మొట్టమొదట పెద్ద ఎత్తున పరీక్షించింది ఎవరి మీద? దక్షిణ ఆఫ్రికా గని కార్మికుల మీద. దూరపు వేడి ప్రాంతాల నుంచి నల్లజాతి కూలీలను తెచ్చి, బ్యారక్‌లలో కిక్కిరిసి పడుకోబెట్టేవారు. వాళ్లు న్యుమోనియాతో చనిపోతుంటే గనుల యజమానులకు కూలీల కొరత భయం పట్టుకుంది. 1911లో ఇంగ్లండు నుంచి ఆల్మ్‌రోత్ రైట్ అనే పేరున్న డాక్టరును పిలిపించారు. 50 వేల మందికి పైగా కార్మికులు ఆ పరీక్షల్లో ఉన్నారు. ఫలితం బాగుందని రైట్ చెప్పాడు గానీ, ఆ మాట తర్వాతి లెక్కల ముందు నిలవలేదు. క్రిమిలో ఇన్ని రకాలున్నాయన్న సంగతి అప్పటికి తేలలేదు. అదే గనులకు 1913లో గోర్గాస్ అనే మరో డాక్టరు వచ్చాడు. పనామా కాలువ కార్మికుల ఆరోగ్యం చూసినవాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన సలహా ఏమిటి? మనిషి మనిషికీ పడుకునే చోటు పెంచండి అని. సూది ఎంత ముఖ్యమో గాలి, వెలుతురు, జాగా కూడా అంతే ముఖ్యమని దీనివల్ల మనం గ్రహించాలి.

పెన్సిలిన్ వచ్చాక ఇక టీకా ఎందుకులే అన్నారు. కాని పెన్సిలిన్ ఇచ్చినా ఎందరో చనిపోతున్నారని అమెరికా డాక్టరు రాబర్ట్ ఆస్ట్రియన్ 1964లో లెక్కలతో చూపించాడు. 1970లలో ఆయన మళ్లీ పరీక్షలకు వెళ్లింది దక్షిణ ఆఫ్రికా బంగారు గనులకే. ఈసారి టీకా పనిచేసింది. 1977లో అమెరికాలో 14 రకాల టీకాకు, 1983లో 23 రకాల టీకాకు అనుమతి వచ్చింది. అంటే గని కార్మికుల ఒంటి మీద రుజువైన టీకా ముందు పోయింది ధనిక దేశాల మార్కెట్టుకు.

పరీక్ష ఎట్లా చేస్తారో కూడా తెలుసుకోవాలి. నెదర్లాండ్స్‌లో 2008లో మొదలైన పరీక్షలో 65 ఏళ్లు దాటిన 84,496 మంది చేరారు. సగం మందికి 13 రకాల టీకా, సగం మందికి మందు లేని సూది. ఎవరికి ఏది పడిందో వేసుకున్నవారికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. తెలిస్తే లెక్కలో పక్షపాతం వస్తుంది. 2015లో ఫలితం అచ్చయింది. టీకాలోని రకాల వల్ల న్యుమోనియా వచ్చినవారు టీకా పడ్డ గుంపులో 49 మంది, పడని గుంపులో 90 మంది. ఆ రకాల వల్ల రక్తం వంటి చోట్లకు పాకిన తీవ్రమైన జబ్బు ఒక గుంపులో 7, మరొక గుంపులో 28. ఇది నిజమైన మేలు. అయితే ఏ కారణంతోనైనా చనిపోయినవారి లెక్కలో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. పరీక్షకు డబ్బు పెట్టింది టీకా తయారుచేసిన ఫైజర్ కంపెనీయే. మేలు ఎంతో, హద్దు ఎక్కడో రెండూ చెప్పినప్పుడే నిజం చెప్పినట్టు.

అన్ని పరీక్షలూ గెలవవు. మూత్రనాళం నుంచి రక్తంలోకి పాకే ఇ.కోలి క్రిమికి 60 ఏళ్లు దాటినవారిలో ఒక టీకాను అనేక దేశాల్లో పరీక్షించారు. 2021లో మొదలైన ఆ పరీక్షను, టీకా తగినంతగా పనిచేయడం లేదని 2024 ఫిబ్రవరిలో ఆపేశారు. పరీక్ష అంటేనే ఫలితం ముందుగా తెలియనిది. అందుకే చేరే మనిషికి అన్నీ చెప్పి తీరాలి.

చెప్పకపోతే ఏమవుతుందో మన తెలుగు నేలే చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. అది వైరస్ టీకా, పిల్లలకు వేసింది. అయినా పాఠం మనకూ వర్తిస్తుంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ చావులకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కాని తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది కూడా విచారణలోనే బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇప్పుడు చట్టం ఉంది. 2019 నిబంధనల ప్రకారం పరీక్షకు ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. కేంద్ర రిజిస్ట్రీలో నమోదు కావాలి. చేరేవారికి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వాలి, చదువు రానివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఇవి ఎవరో పెట్టే భిక్ష కాదు.

మేము టీకాలకు వ్యతిరేకం కాదు. పరీక్షలకూ వ్యతిరేకం కాదు. పరీక్ష లేని టీకాను మన తాతలకు, అవ్వలకు ఎవరు వేయిస్తారు? మేము అడిగేది రెండు. ఒకటి, కాగితం తెలుగులో ఉండాలి, సంతకం ఇష్టంతో పడాలి. సేఠ్ చెప్పాడనో, నాలుగు రూపాయలు వస్తాయనో పడకూడదు. రెండు, పనిచేస్తుందని తేలిన టీకా మనకూ అందాలి. పసిపిల్లలకు న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ ఉచితంగా వచ్చింది. ముసలివారికి మాత్రం జాతీయ ఉచిత టీకా కార్యక్రమంలో చోటు లేదు. జేబులోంచి పెట్టుకోవలసిందే. దుమ్ములో ముప్పై ఏళ్లు నిలబడిన మనిషికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ సూది ఉచితంగా వేయాలని మనం కలిసి అడగాలి. దానితోపాటు కార్ఖానాలో దుమ్ము తగ్గించమని యజమానిని అడగడం మానవద్దు.

ఎవరైనా కాగితం పట్టుకుని మీ ఇంటికి వస్తే ఆ రోజే వేలిముద్ర వేయకండి. సంఘం ఆఫీసుకు తీసుకురండి, మొత్తం చదివి వినిపిస్తాము. చేరాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టం.