వెనక గాలి సస్పెన్షన్: స్విచ్చి ఉంచాలా, ఆపాలా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ హెల్త్ కార్డుల గురించీ మాట్లాడవలసిన ఈ వేదికమీద కారు స్విచ్చి గురించి మాట్లాడటమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. ఈ తగవు తెచ్చింది మన సభ్యులొకరే. వారబ్బాయి అమెరికా వెళ్తూ పెద్ద విదేశీ కారొకటి తండ్రికి అప్పగించి వెళ్ళాడు. దాని వెనక చక్రాల దగ్గర ఇనప స్ప్రింగులు ఉండవు, గాలి తిత్తులు ఉంటాయి. వాటికొక స్విచ్చి ఉంది. బ్యాటరీ దిగిపోతుందని డ్రైవరు రోజూ రాత్రి దాన్ని ఆపేస్తాడు. అల్లుడుగారు వచ్చినప్పుడల్లా మళ్ళీ వేసి, "దాన్ని ముట్టుకోనివ్వకండి మావయ్యగారూ" అని చెప్పి వెళ్తాడు. మధ్యలో మన మిత్రులు నలిగిపోతున్నారు.

నన్నెందుకు మాట్లాడమన్నారంటే, నీటిపారుదల శాఖలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ జీపుల లాగ్ బుక్కులు, రిపేరు బిల్లులు నా బల్ల మీదుగానే పోయేవి. నేను ఇంజనీరును కాను. కానీ ఫలానా భాగం ఏం చేస్తుందో తెలియకుండా దాని బిల్లుమీద నోటు పెట్టేవాణ్ణి కాదు. ఆటోనగర్ మేస్త్రీలు దీన్ని చాదస్తమనేవారు. ఆ చాదస్తమే ఇవాళ పనికొస్తోంది.

మన జీపులకూ పాత బస్సులకూ ఉండేవి కమాను కట్టలు. ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించినవి. నిండు బరువు మొయ్యాలి కాబట్టి వాటిని గట్టిగా చేస్తారు. అందుకే బండి నిండా జనం ఉంటే మెత్తగా పోతుంది, ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది. అవనిగడ్డ బస్సులో చివరి సీటులో కూర్చుని వచ్చినవారి నడుములకు ఈ సంగతి నేను వివరించనక్కర్లేదు. 2001లో వోల్వో బి7ఆర్ బస్సు మన దేశంలోకి వచ్చింది. ఆ బస్సుల్లో హైదరాబాదు వెళ్ళినవారు రోడ్డు బాగుపడిందనుకున్నారు. నిజానికి మారింది కింద ఉన్న కట్టలు. వాటి స్థానంలో గాలి నింపిన రబ్బరు తిత్తులు వచ్చాయి.

ఈ గాలి తిత్తి పనితీరు కృష్ణా డెల్టా వాళ్ళకు తేలిగ్గా చెప్పవచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులు ఉండాలి. పైనుంచి నీరు ఎక్కువ వస్తే గేట్లు ఎత్తుతారు, తగ్గితే దింపుతారు. స్కేలు చూసేవాడొకడు, గేటు తిప్పేవాడొకడు. కారులోనూ అంతే. వెనక ఇరుసు దగ్గర ఎత్తు చూసే పరికరం ఉంటుంది. నలుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే వెనక భాగం కిందికి దిగుతుంది. పరికరం అది చూసి కబురు పంపుతుంది, చిన్న కంప్రెసరు తిత్తుల్లోకి గాలి కొడుతుంది, బండి మళ్ళీ తన ఎత్తుకు వస్తుంది. బరువు దించితే ఎక్కువైన గాలిని వదిలేస్తుంది. స్విచ్చి ఆపడమంటే ఈ లస్కర్లిద్దరినీ సెలవు మీద పంపడం. అప్పుడు లోపల ఉన్న గాలి ఉన్నట్టే ఉంటుంది గానీ, మట్టం చూసే నాథుడుండడు.

పక్కమాట ఒకటి. మన బ్యారేజీ ప్రారంభమైంది 1957లో. అమెరికాలో కాడిలాక్ కంపెనీ తన ఎల్డొరాడో బ్రోమ్ అనే ఖరీదైన కారుకు గాలి సస్పెన్షన్ పెట్టింది కూడా ఆ సంవత్సరమే. మన బ్యారేజీ ఇంకా నిలబడి ఉంది. ఆ కార్లకు మాత్రం గాలి కారి, చాలామంది యజమానులు విసిగిపోయి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. అంటే మన మిత్రుల ఇంట్లో తగవు కొత్తదేమీ కాదు.

ఇక తీర్పు. అల్లుడుగారు చెప్పిందే సరైనది. కారు నాలుగు చక్రాలమీద నిలబడి రోజువారీ వాడకంలో ఉన్నంతకాలం స్విచ్చి వేసే ఉంచాలి. మనది ఆఫీసు మూసేముందు ఫ్యాన్లూ లైట్లూ ఆపి తాళం వేసే తరం. వాడనిది ఆపాలన్న మన పొదుపు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ యంత్రం వాడనట్టు కనిపిస్తూనే కాపలా కాస్తుంది. ఆపి ఉంచి, మరచిపోయి, నిండు బరువుతో బయలుదేరితే తోక కిందికి దిగి ముక్కు పైకి లేస్తుంది. రాత్రిపూట కరకట్ట రోడ్డుమీద మన లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి. పక్కన కాలువో పొలమో ఉండే రోడ్లు మనవి. ముందు చక్రాలమీద బరువు తగ్గి స్టీరింగు తేలికవుతుంది. గుంట వచ్చినప్పుడల్లా వెనక భాగం అడుగు రబ్బరు దిమ్మలమీద దబ్బున కూర్చుంటుంది. ఖాళీ అయిన తిత్తి మడతపడి, నలిగి, చిరుగుతుంది. మిగిల్చిన కరెంటు కంటే ఆ తిత్తి ఖరీదు చాలా ఎక్కువ.

మరి డ్రైవరు అబద్ధం చెప్పాడా? లేదు. పొద్దున్నే బ్యాటరీ దిగిపోయి ఉండటం అతను కళ్ళారా చూశాడు. కానీ ఆరోగ్యంగా ఉన్న కారులో కంప్రెసరు రాత్రంతా పనిచెయ్యవలసిన అవసరమే రాదు. మాటిమాటికి పనిచేస్తోందంటే ఎక్కడో గాలి కారుతోంది. అలా వదిలేస్తే బ్యాటరీ ఒక్కటే కాదు, కంప్రెసరు కూడా కాలిపోతుంది. స్విచ్చి ఆపితే రోగం కనపడదు, అంతే.

కారుతోందో లేదో చూడటానికి డబ్బు ఖర్చులేని పద్ధతి ఉంది. చదునైన చోట కారు నిలిపి, వెనక చక్రం మధ్యనుంచి పైన రేకు అంచు దాకా టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క రాత్రికి స్విచ్చి ఆపండి, లేకపోతే కంప్రెసరు గాలి నింపి తప్పు కప్పిపుచ్చవచ్చు. పొద్దున మళ్ళీ కొలవండి. కొద్దిగా దిగితే రాత్రి చల్లదనానికి గాలి ముడుచుకోవడం కావచ్చు. రెండు మూడు వేళ్ళు దిగితే కారుతున్నట్టే. మేస్త్రీ సబ్బునీళ్ళు పూస్తే బుడగలు వచ్చిన చోటు తెలిసిపోతుంది. మన ఎండలకు రబ్బరు బీటలు వారుతుంది, పొలాల పక్క ఇళ్ళలో ఎలుకలు గొట్టాలు కొరుకుతాయి, బందరు వైపు ఉప్పుగాలికి ఇనుము తుప్పుపడుతుంది. ఎక్కడైనా కారవచ్చు.

స్విచ్చి తప్పనిసరిగా ఆపవలసిన సమయాలు కొన్ని ఉన్నాయి. దయచేసి ఇది మాత్రం శ్రద్ధగా వినండి. చక్రం మార్చడానికి జాకీ పెట్టే ముందు ఆపాలి. జాకీతో బండి లేపితే చక్రం కిందికి వేలాడుతుంది. వెనక భాగం బాగా ఎత్తులో ఉందని పరికరం భ్రమపడి గాలి వదిలేస్తుంది. జాకీ దించగానే శరీరం మొత్తం టైరు మీదికి వచ్చి కూర్చోవచ్చు. లేదా ఎవరో తలుపు తీసి ఎక్కి కూర్చుంటే కంప్రెసరు మొదలై బండి కదలవచ్చు. ఆ సమయంలో చక్రం సందులో ఎవరి చెయ్యి ఉంటుంది? మనలో ఎవరం ఈ వయసులో కారు కిందికి దూరం. దూరేది పంక్చరు షాపు కుర్రాడు, లేదా మన డ్రైవరు. వాళ్ళ అమ్మానాన్నలు కూడా వాళ్ళకోసం ఇంట్లో ఎదురుచూస్తుంటారు. స్విచ్చి ఆపినా సరే, జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరవద్దని వాళ్ళకు గట్టిగా చెప్పాలి. స్విచ్చి లేని కొత్త కార్లలో తెరమీద జాకీ కోసం వేరే ఏర్పాటు ఉంటుంది. అమెరికాలో మన పిల్లలు ఒకప్పుడు నడిపిన లింకన్ టౌన్ కారుకైతే స్విచ్చి డిక్కీలోనే ఉండేది.

కారును తాళ్ళతో లాగించేటప్పుడు, లారీమీద ఎక్కించి గొలుసులతో కట్టేటప్పుడు కూడా ఆపాలి. పని అయ్యాక మళ్ళీ వేసి, ఇంజను నడుస్తుండగా బండి తన ఎత్తుకు వచ్చేదాకా ఆగి అప్పుడు కదలాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్ వైపు ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయో చూశాం. అలా మునిగిన కారును స్విచ్చి వేసి పైకి లేపుదామని చూడకండి. కంప్రెసరు చాలా కార్లలో కిందనే ఉంటుంది, నీళ్ళు పీల్చుకుంటుంది. బ్యాటరీ తీగ తీయించి మేస్త్రీకి అప్పగించండి.

పిల్లల దగ్గరికి ఆరునెలలు వెళ్ళేవారి సంగతి వేరు. పదిహేను రోజులకొకసారి నమ్మకస్తుడెవరైనా ఓ పావుగంటో అరగంటో నడిపి తెస్తానంటే స్విచ్చి అలాగే ఉంచండి. అలాంటి మనిషి లేకపోతే బ్యాటరీ తీగ తీసి వెళ్ళండి, అప్పుడు స్విచ్చి ఎలా ఉన్నా ఒకటే. తిరిగి వచ్చాక కారు వెనక కుంగి కనిపిస్తే కంగారుపడి వెంటనే నడపకండి. బ్యాటరీ బిగించి, ఇంజను వేసి, లేచేదాకా చూడండి. లేవకపోతే మేస్త్రీని ఇంటికే పిలవండి.

గాలి తిత్తులు పీకేసి మామూలు స్ప్రింగులు వేయిస్తామని ఆటోనగర్‌లో మీకు చెబుతారు. పాత కారైతే ఆ సలహా తీసిపారెయ్యదగ్గది కాదు. ఆ కారు బరువుకు సరిపోయే స్ప్రింగులేనా అని మాత్రం అడగండి. బరువు పెరిగినప్పుడు తనంతట తాను సర్దుకునే గుణం ఇక ఉండదని తెలిసే ఒప్పుకోండి. మన మిత్రుల కారు అంత పాతది కాదు కాబట్టి, ముందు గాలి ఎక్కడ కారుతోందో చూపించమన్నాను. టేపు కూడా నేనే ఇచ్చాను. వారు దాన్ని తిరిగి ఇవ్వవలసి ఉందని కార్యదర్శిగారు మినిట్స్‌లో రాసుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.