చెరువులో చేప ఎవరిది? గాలం వేసే ముందు ఇది తెలుసుకోండి

ఇవాళ్టి ఎపిసోడ్ గాలం గురించి. హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే రాడ్ పట్టుకుని ఊరి బయట చెరువుకి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. వారమంతా ల్యాప్‌టాప్ చూసిన కళ్లకి, నీళ్ల మీద తేలే బెండుని చూస్తూ కూర్చోవడం నిజంగా హాయి. నేనూ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణే కాబట్టి ఆ హాయి నాకు తెలుసు. అయితే రాడ్ ఏది కొనాలి, ఎర ఏది పెట్టాలి అని అందరూ అడుగుతారు. ఆ చేప ఎవరిది అని ఎవరూ అడగరు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

"చెరువు అందరిదీ, చేపా అందరిదే" అనుకుంటాం కదా? ఇక్కడ ఒక చిన్న సైన్స్ పాయింట్ ఉంది. మనం ఎక్కువగా పట్టాలని చూసే బొచ్చె, రవ్వ నది చేపలు. రవ్వ అంటే ఆంధ్రా వైపు శీలావతి అంటారే, అదే. ఇవి వానాకాలంలో వరద నీళ్లు పారుతుంటేనే గుడ్లు పెడతాయి. కదలని చెరువు నీళ్లలో మామూలుగా పెట్టవు. మరి మన చెరువులోకి ఎలా వచ్చాయి? ఎవరో పిల్లల్ని తెచ్చి వదిలితే వచ్చాయి.

ఆ పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తాయి అంటే, 1957కి వెళ్లాలి. ఆ ఏడాది జూలై 10న హీరాలాల్ చౌదరి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజెక్షన్ ఇచ్చి ఈ రకం చేపలతో గుడ్లు పెట్టించారు. ఇప్పటి హేచరీలకి పునాది ఆ పద్ధతే. జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరిపేది కూడా అందుకే.

ఇప్పుడు అసలు విషయం. తెలంగాణలో చాలా చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకి ఉంటుంది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని ఇది. వానలు పడ్డాక పిల్లల్ని వదులుతారు, నెలల తరబడి కాపలా కాస్తారు, నీళ్లు తగ్గాక వలలు వేస్తారు. జూన్‌లో మృగశిర కార్తె రోజు సిటీ అంతా చేపల మార్కెట్‌కి పరిగెడుతుంది చూడండి, అలాంటి రోజుల కోసమే వాళ్ల ఎదురుచూపు. మనకి అది వీకెండ్ సరదా. వాళ్లకి పిల్లల స్కూల్ ఫీజు.

అందుకని గాలం వేసే ముందు ఒక్కసారి అడగండి. గట్టు మీద కాపలా మనిషి ఉంటాడు, లేదా ఊళ్లో సంఘం పెద్ద ఎవరో కనుక్కోండి. "అన్నా, కాసేపు గాలం వేసుకోవచ్చా?" అంటే చాలు. కొందరు సరే అంటారు, కొందరు డబ్బులు అడుగుతారు, కొందరు వద్దంటారు. వద్దంటే వచ్చేయడమే, వాదన పెట్టుకోకండి. వద్దు అని బోర్డు ఉన్న చోట అసలు వేయకండి.

రెండోది కొర్రమీను. ఇది తెలంగాణ రాష్ట్ర చేప, చెరువులోనే పిల్లల్ని పెడుతుంది. వానాకాలంలో నీళ్ల పైన ఎర్రెర్రగా చిన్న పిల్లల గుంపు కదులుతుంటే, కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. దగ్గరికి ఏది వచ్చినా మీద పడతాయి కాబట్టి అప్పుడు పట్టడం చాలా ఈజీ. కానీ పెద్ద చేపని లాగేస్తే ఆ గుంపు మొత్తం వేరే చేపలకి, కొంగలకి మేత అయిపోతుంది. అలాంటి గుంపు కనపడితే గాలం తీసి పక్కకి వెళ్లండి.

మరి ఏం పట్టాలి? తిలాపియా పట్టండి. ఇది మన దేశపు చేప కాదు, గుడ్లని నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది, తొందరగా పెరిగిపోయి మిగతా చేపల తిండి లాగేసుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వానపాము ఎరకి బాగానే పడుతుంది.

ఆఖరిగా తినే విషయం. హుస్సేన్ సాగర్ లాంటి, మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు చేరే చెరువుల్లో పట్టిన చేపని ఇంటికి తీసుకెళ్లకండి. సీసం, పాదరసం లాంటి లోహాలు కండలోకి చేరితే ఎంత కడిగినా, ఎంత వేయించినా పోవు. చిన్నపిల్లలకి, గర్భిణులకి అది ఇంకా ప్రమాదం. తెగిపోయిన నైలాన్ దారాన్ని కూడా గట్టున పడేయకండి, పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది. జేబులో పెట్టుకుని తెచ్చేయండి.

మీ ఊరి చెరువులో సంఘం ఎలా నడుస్తోంది? మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉన్నారా? కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. గాలం వేసే ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, బై.