శిలలోని మనుష్యుడు



నేను కరణీకపు లెక్కలు వ్రాసి తల నెరసినవాడను. శిల్పమును గూర్చి గురువునొద్ద చదివినవాడను గాను. ఈ గ్రంథాలయములోని పుస్తకములే నాకు గురువులు. వానిలో అమరావతి శిల్పములను గూర్చి చదివి, కన్నులార చూడవలెనని చెన్నపట్టణపు మ్యూజియమునకు వెళ్లితిని.

అచట నొక గుండ్రని ఫలకము ముందు చాలసేపు నిలిచిపోతిని. నాలాగిరి యను మదగజమును బుద్ధదేవుడు శాంతింపజేసిన కథ అది. ఒక్క వలయములోనే ఏనుగు రెండుమారులు కనబడును: ఒకచో వీథిలో జనులపై విరుచుకొనిపడుచు, వేరొకచో స్వామి పాదములకడ మోకరిల్లి. ఒక స్త్రీ భయముతో వెనుకకు ఒరిగినది. శిల్పి ఆ భయమును మొగముననే గాక మేనంతట వ్రాసెను.

మరియొక ఫలకమున బుద్ధుని రూపమే లేదు. ఆసనము, పాదముద్రలు మాత్రమే. నలుగురు స్త్రీలు ఆ పాదములకు మ్రొక్కుచున్నారు. చెక్కని మూర్తిని వారి వంగిన మేనులే మనకు చూపుచున్నవి.

ఇవన్నియు ఒకనాడు స్తూపమునకు ప్రదక్షిణము చేయువారు చూచినవి. మ్యూజియమున స్తూపము లేదు, ప్రదక్షిణపథము లేదు. ఈ ఎడబాటు బాధాకరమే. కాని 1797లో మెకంజీ దొర అమరావతి చూచునాటికే ఆ రాళ్లు క్రొత్త కట్టడములకు తరలిపోవుచుండెను. అది పలనాటి సున్నపురాయి గనుక కొన్ని బట్టీలలో కాలి సున్నమైనవి. 1845లో ఇలియట్ దొర త్రవ్వించినవి చెన్నపట్టణము చేరినవి. వానిలో పెక్కు లండనునకు పోయి, 1880లో బ్రిటిష్ మ్యూజియమున చేరినవి. ఊరు విడిచినవి నిలిచినవి; ఊర నున్నవానిలో ఎన్నియో నశించినవి. ఇది మనము సిగ్గుపడవలసిన లెక్క.

ఆ లెక్కలో నా తప్పును గలదు. మన చెరువుకట్ట మీది వీరగల్లును మీరందరు ఎరుగుదురు. దానిపై కొడవళ్లు నూరుదుము, బట్టలు ఆరవేయుదుము. నేను నా పుస్తకములో దానిని “పాతరాయి ఒకటి” అని వ్రాసితిని. మ్యూజియమునుండి మరలివచ్చిన నాటి సాయంకాలము దాని ముందు నిలిచితిని. అరిగిపోయిన ఆ చేయి ఇంకను విల్లు విడువలేదు. ఆ కాళ్లు ఇంకను వెనుకంజ వేయలేదు. అది రాయి గాదు, మన ఊరి మనుష్యుడు.

ఆయనను ఎచటికిని పంపవలదు. ఒక అరుగు, కొంచెము నీడ, చదువుకొనుటకు రెండు పంక్తులు చాలును. ఆ రెండు పంక్తులు వ్రాయు పని నాకు ఒసగుడు. నా లెక్క దిద్దుకొందును.