ఓటు లేని వాళ్ల నియోజకవర్గం

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు - ఎన్నికలు అనే అంశం మీద మాట్లాడమంటే ఈమె లండన్ వెళ్లిపోయిందేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కాసేపు ఓపిక పట్టండి. చివరికి మన ఊళ్లకే వస్తాను.

నేను చెప్పబోయే నియోజకవర్గం ఇప్పుడు లేదు. దాని పేరు ‘బో అండ్ బ్రోమ్లీ’. తూర్పు లండన్‌లో, కార్మికుల వాడల మధ్య 1885లో ఏర్పడింది. 1950 ఎన్నికల నాటికి రద్దయి పోప్లార్ నియోజకవర్గంలో కలిసిపోయింది. ఈ 65 ఏళ్లలో అక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్లిన వాళ్లంతా మగవాళ్లే. రికార్డులు తిరగేస్తే వాళ్ల పేర్లు, పార్టీలు, మెజారిటీలు కనిపిస్తాయి. అదే ఆ నియోజకవర్గం చరిత్ర అనుకుంటే మనకు అందులో చోటే లేదు.

కానీ స్త్రీల ఓటు హక్కు కోసం ఒక సభ్యుడు తన పదవికి రాజీనామా చేసి మళ్లీ పోటీకి దిగింది ఇక్కడే. ఓడిపోయిందీ ఇక్కడే. ఎందుకు ఓడిపోయాడు, ఆ తర్వాత అక్కడి స్త్రీలు ఏం చేశారు అన్న రెండు ప్రశ్నలను ఇవాళ మీ ముందు చర్చకు పెడుతున్నాను.

కొంచెం వెనక్కి వెళదాం. బో ప్రాంతంలో బ్రయంట్ అండ్ మే అనే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. అందులో పనిచేసే వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చిన్న వయసు పిల్లలు. తక్కువ కూలి. అందులోనే మాట్లాడితే జరిమానా, ఆలస్యమైతే జరిమానా. తెల్ల భాస్వరంతో పనిచేసి దవడ ఎముకలు కుళ్లిపోయే జబ్బు. అనీబిసెంట్ ఈ పరిస్థితుల గురించి 1888 జూన్‌లో పత్రికలో రాసింది. జూలైలో సుమారు 1,400 మంది పని ఆపి బయటికి వచ్చారు. జరిమానాలు రద్దు చేయించుకున్నారు, యూనియన్ పెట్టుకున్నారు. ఈ అనీబిసెంటే తర్వాత మన దేశం వచ్చి 1915లో మదనపల్లెలో కాలేజీ స్థాపించింది, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైంది. అందుకని ఆమె పేరు మనకు తెలుసు. పని ఆపి వీధిలోకొచ్చిన ఆ స్త్రీల పేర్లు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. సమ్మెను ఆమే నడిపించిందని పుస్తకాలు రాశాయి. నిజానికి సమ్మె మొదలుపెట్టింది ఫ్యాక్టరీ స్త్రీలే. ఆమె వాళ్లకు అండగా నిలబడింది. ఈ తేడాను మనం ఎప్పుడూ మరిచిపోకూడదు.

అప్పట్లో బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికల్లో ఏ స్త్రీకీ ఓటు లేదు. మగవాళ్లలో కూడా నూటికి సుమారు నలభై మందికి లేదు. ఇంటి అద్దె, ఎంతకాలంగా ఆ ఇంట్లో ఉన్నారు వంటి షరతులుండేవి. అంటే బో వీధుల్లో కనిపించే జనంలో చాలామంది ఓటర్లు కారు.

1910 డిసెంబరులో ఇక్కడ లేబర్ పార్టీ అభ్యర్థి జార్జ్ లాన్స్‌బరీ గెలిచాడు. ఓటు హక్కు కోసం పోరాడి జైలుకెళ్లిన స్త్రీలు నిరాహారదీక్ష చేస్తే, జైలు అధికారులు గొట్టాలతో బలవంతంగా ఆహారం ఎక్కించేవారు. దాని మీద 1912 జూన్‌లో లాన్స్‌బరీ సభలో ప్రధాని ఆస్క్విత్ ఎదుటికి వెళ్లి కేకలు వేశాడు. స్త్రీలకు ఓటు ఇచ్చేదాకా ప్రభుత్వ బిల్లులన్నిటినీ వ్యతిరేకించాలని తన పార్టీని కోరాడు. పార్టీ ఒప్పుకోలేదు. నవంబరులో రాజీనామా చేసి, స్త్రీల ఓటు ఒక్కటే సమస్యగా తన నియోజకవర్గంలోనే పోటీకి నిలబడ్డాడు.

ఎదుటి పక్షం ‘పావడా పెత్తనం వద్దు’ అని ప్రచారం చేసింది. 1912 నవంబరు 26న పోలింగ్ జరిగింది. కన్సర్వేటివ్ అభ్యర్థి బ్లెయిర్‌కు 4,042 ఓట్లు, లాన్స్‌బరీకి 3,291 వచ్చాయి. 751 ఓట్ల తేడా. స్త్రీలకు ఓటు ఉండాలా వద్దా అనే ప్రశ్నకు తీర్పు చెప్పింది మగవాళ్లు మాత్రమే. తన హక్కు గురించి జరిగే ఎన్నికలో స్త్రీ గోడల మీద కాగితాలు అంటించవచ్చు, సభలో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు.

అయితే ఓటమికి కారణం పితృస్వామ్యం అని ఒక్క మాటతో తేల్చేస్తే మనకు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. సిల్వియా పాంక్‌హర్స్ట్ తర్వాత రాసిన ఉద్యమ చరిత్రలో ఒక సంగతి చెబుతుంది. ఆమె తల్లి ఎమ్మెలిన్, అక్క క్రిస్టబెల్ నడిపే స్త్రీల సంఘం దగ్గర మోటారు కార్లు ఉన్నాయి. స్థానిక లేబర్ ఏజెంటు దగ్గర ఓటర్ల జాబితాలు ఉన్నాయి. మగవాళ్ల కింద పనిచేయమని సంఘం వాళ్లు పట్టుబట్టారు. తమ అజమాయిషీ వదులుకోమని పార్టీ వాళ్లు పట్టుబట్టారు. పోలింగు రోజున కార్లు ఒకచోట, జాబితాలు ఒకచోట ఉండిపోయాయి. ఈ పంతంలో పోయినవి ఎన్ని ఓట్లో లెక్క తేలదు. కానీ కార్లున్న వాళ్లూ, జాబితాలున్న వాళ్లూ ఆ వీధుల శ్రామిక స్త్రీలకు నిర్ణయాధికారం ఇవ్వలేదన్నది మాత్రం స్పష్టం.

ఓడిపోయాక ఏమైంది? ఎన్నికల కోసం బయటి నుంచి వచ్చిన వాళ్లు వెళ్లిపోయారు. సిల్వియా వెళ్లలేదు. ఆ అక్టోబరులోనే బో రోడ్డులో ఒక ఖాళీ దుకాణం తీసుకుని, ముఖభాగం మీద ‘స్త్రీలకు ఓట్లు’ అని బంగారు రంగుతో రాసి పని మొదలుపెట్టింది. అది క్రమంగా తూర్పు లండన్ స్త్రీల సమాఖ్యగా పెరిగింది. అందులో కుట్టుపని వాళ్లు, బ్రష్షులు చేసే వాళ్లు, రేవు కార్మికుల భార్యలు ఉన్నారు. 1914 జనవరిలో క్రిస్టబెల్ ఈ సమాఖ్యను ప్రధాన సంఘం నుంచి బయటికి పంపేసింది. శ్రామిక స్త్రీల మీద ఆధారపడటం, నిర్ణయాలు అందరూ కలిసి తీసుకోవడం ఆమెకు నచ్చలేదు. ఉద్యమానికి ఏరి కూర్చిన స్త్రీలు కావాలని ఆమె అభిప్రాయం. మన సంఘాల్లో ఈ మాట ఇంత నిర్మొహమాటంగా ఎవరూ అనరు. అనకుండానే ఆచరిస్తాం.

అదే ఏడాది జూన్‌లో సిల్వియా నిరాహారదీక్షతో నీరసించి పార్లమెంటు ద్వారం దగ్గర పడుకున్నాక, ఆస్క్విత్ తూర్పు లండన్ నుంచి ఆరుగురు శ్రామిక స్త్రీలను కలవడానికి ఒప్పుకున్నాడు. సిల్వియా తాను వెళ్లలేదు. జూలియా స్కర్ నాయకత్వంలో వాళ్లే వెళ్లి మాట్లాడారు. బ్రష్షులు చేసే ఒకామె తన చేత్తో చేసిన బ్రష్షును ప్రధాని ముందు పెట్టి, దానికి తనకు దక్కే కూలి చెప్పింది. వాదనకు అంతకన్నా పుస్తకం ఏం కావాలి?

యుద్ధం వచ్చింది. ధరలు పెరిగాయి, పనులు పోయాయి. సమాఖ్య చవక భోజనశాల నడిపింది, బొమ్మల తయారీ కేంద్రం పెట్టి స్త్రీలకు పని ఇచ్చింది. మూతపడిన ఒక సారాయి దుకాణాన్ని పసిపిల్లల సంరక్షణ కేంద్రంగా మార్చి ‘తల్లుల చేతులు’ అని పేరు పెట్టుకుంది. ఓటు వేరు, అన్నం వేరు అని వాళ్లు అనుకోలేదు.

1918లో ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు, అదీ ఆస్తి షరతులతో, ఓటు వచ్చింది. ఫ్యాక్టరీ పిల్లలకు రాలేదు. వాళ్లు 1928 దాకా ఆగాల్సి వచ్చింది. అయినా స్థానిక సంస్థల్లోకి స్త్రీలు వెళ్లారు. బో ప్రాంతమంతా పోప్లార్ పురపాలక సంఘం కిందే ఉండేది. ఆ సంఘం స్త్రీలకూ మగవాళ్లకూ ఒకే కనీస వేతనం, వారానికి నాలుగు పౌండ్లు, నిర్ణయించింది. పేద ప్రాంతాల మీద పన్ను భారం అన్యాయమని 1921లో లండన్ కౌన్సిల్‌కు కట్టవలసిన సొమ్ము కట్టడానికి నిరాకరించింది. ముప్పైమంది సభ్యులు జైలుకు వెళ్లారు. వాళ్లలో ఐదుగురు స్త్రీలు: జూలియా స్కర్, నెల్లీ క్రెసాల్, సూసన్ లారెన్స్, జెనీ మెకే, మిన్నీ లాన్స్‌బరీ. నెల్లీ అప్పటికి గర్భవతి. జార్జ్ లాన్స్‌బరీ కోడలైన మిన్నీ, టీచరుగా పనిచేసి సమాఖ్యలో చేరిన మనిషి. జైలు నుంచి వచ్చిన కొద్ది నెలలకే, 1922 జనవరి 1న, 32 ఏళ్లకు చనిపోయింది. పేద, ధనిక ప్రాంతాల మధ్య భారం పంచే చట్టం ఆ పోరాటం వల్లే వచ్చింది.

1922లో లాన్స్‌బరీ మళ్లీ గెలిచి 1940లో చనిపోయేదాకా సభ్యుడిగా ఉన్నాడు. ఆ ఉపఎన్నికలో ఇసబెల్ బ్రౌన్ అనే కమ్యూనిస్టు మహిళ నిలబడితే 506 ఓట్లు వచ్చాయి. తర్వాత బాంబు దాడులకు జనం చెల్లాచెదురయ్యారు. 1950లో నియోజకవర్గమే పోయింది. బో ప్రజలకు ఒక స్త్రీ పార్లమెంటులో ప్రతినిధి అయింది 1987లో. ఆమె మిల్డ్రెడ్ గోర్డన్. లాన్స్‌బరీ రాజీనామాకు అప్పటికి 75 ఏళ్లు.

ఇప్పుడు మన ఊళ్లకు వస్తాను. నియోజకవర్గం గీతలు గీసేది మనం కాదు. హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్ శాసనసభ స్థానం పునర్విభజనలో పోయి 2009 ఎన్నికలకు లేకుండా పోయింది. 2023లో ఆమోదించిన 106వ రాజ్యాంగ సవరణ కూడా చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లను జనగణనకు, పునర్విభజనకు ముడిపెట్టింది. సీటు కోసం పోరాడవలసిందే. కానీ సీటు వస్తుంది, వార్డు మారుతుంది, రిజర్వేషన్ వచ్చే దఫా ఇంకో చోటికి పోతుంది. అప్పుడు మనకు ఏం మిగులుతుంది?

పంచాయతీల్లో గెలిచిన స్త్రీలతో మాట్లాడినప్పుడల్లా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఓటర్ల జాబితా ఎవరి దగ్గర ఉంది? ప్రచారానికి జీపు ఎవరిది? ఏ ఇంటికి ముందు వెళ్లాలో నిర్ణయించింది ఎవరు? చాలాసార్లు మూడింటికీ జవాబు భర్తో, మరిదో, పార్టీ పెద్దమనిషో అవుతుంది. కొన్నిసార్లు, చెప్పడానికి కష్టంగానే ఉంది, మనలాంటి సంస్థ పేరు కూడా వస్తుంది. జీపు మనది, కాగితాలు మనవి, మాట కూడా మనదే. అలాంటి చోట మన ప్రాజెక్టు ముగిసిన రోజున ఆ వీధిలో ఏమీ మిగలదు.

బో స్త్రీలు ఓడిన ఎన్నిక తర్వాత అదే వీధిలో ఉండిపోయారు. ఓటు లేకుండానే సంఘం కట్టుకున్నారు. ఆ సంఘం నుంచి వచ్చిన వాళ్లే ఓటు వచ్చాక పురపాలక సంఘంలో కూర్చున్నారు, అక్కడి నుంచే జైలుకూ వెళ్లారు. నియోజకవర్గం పేరు మ్యాపులో లేదు. వాళ్లు చేసింది ఉంది.

చర్చలో మీ మండలాల అనుభవాలు చెప్పండి. ముఖ్యంగా ఓడిపోయిన ఎన్నికల గురించి చెప్పండి. గెలిచిన వాటి గురించి రిపోర్టుల్లో ఎలాగూ రాస్తాం.