బజారుకు దారి ఎటు?

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



 ‘నిరాశ్రయులకు మళ్లీ బతుకుదెరువు’ అనే అంశం ఇచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. బడిపంతులుకి ఇరవై నిమిషాలంటే సగం పీరియడ్. అందుకని ఒక్క పాఠమే చెబుతాను.

మక్కా వదిలి కట్టుబట్టలతో మదీనా చేరిన ముహాజిర్ల సంగతి మీకందరికీ తెలిసిందే. దైవప్రవక్త (స) ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీకి సోదరుణ్ణి చేశారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం తీసుకోమని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో అన్నారు. ఆయన దువా చేసి, ఆస్తి వద్దని, బజారు ఎటుందో చూపించమని అడిగారు. కాస్త జున్ను, కాస్త నెయ్యితో వ్యాపారం మొదలుపెట్టారు. ఇచ్చే చెయ్యి ఎంత గొప్పదో, పుచ్చుకునే మనిషి అభిమానం కూడా అంత గొప్పదని ఈ సంఘటన చెబుతుంది. నేను చెప్పబోయే ఆర్మీనియన్ల కథను దీని పక్కన పెట్టుకుని వినండి.

ఆర్మీనియన్లతో మనకేం సంబంధమని అనుకోవచ్చు. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దం నాటి ఆర్మీనియన్ల సమాధులున్నాయి. మచిలీపట్నం రేవులో వాళ్లు వ్యాపారం చేశారు. ఆ కాలంలో మన దేశానికొచ్చిన ఆర్మీనియన్ వర్తకుల్లో ఎక్కువమంది ఇరాన్‌లోని న్యూ జుల్ఫా వాళ్లు. వాళ్ల పెద్దలూ నిరాశ్రయులే. 1604-05లో షా అబ్బాస్ యుద్ధం కోసం వాళ్ల పాత జుల్ఫా పట్టణాన్ని బలవంతంగా ఖాళీ చేయించాడు. తర్వాత ఇస్ఫహాన్ పక్కన స్థలమిచ్చి, పట్టు వ్యాపారంలో వాళ్లకు చోటు కల్పించాడు. ఊరు పోగొట్టుకున్న ఆ కుటుంబాలు ఒకటి రెండు తరాల్లోనే యూరప్ నుంచి మన కోస్తా దాకా వ్యాపారం నడిపాయి. ఊరు పోయినా వాళ్ల చేతిలోని విద్య పోలేదు. ఆ విద్యకు ఒక బజారు దొరికింది.

ఇక చేదు అధ్యాయం. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఒట్టోమన్ ప్రభుత్వం అనటోలియాలోని ఆర్మీనియన్లను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి సిరియా ఎడారి వైపు నడిపించింది. మగవాళ్లను చాలామందిని ముందే చంపేశారు. దారిలో ఆకలికి, జ్వరాలకు ఆడవాళ్లు, పిల్లలు రాలిపోయారు. లక్షల ప్రాణాలు పోయాయి. ఆ ఉత్తర్వులిచ్చినవాళ్లు ముస్లిములమని చెప్పుకున్నవాళ్లే. ఈ మాట దాచిపెట్టి మిగతాది చెబితే అది పాఠం అనిపించుకోదు.

కాదు, కూడదు అని నిలబడ్డ ముస్లిములూ ఉన్నారు. అలెప్పో గవర్నర్ జెలాల్ బే ఆర్మీనియన్ల తరలింపును వ్యతిరేకించాడు. ఆయన్ని అక్కణ్నుంచి కోన్యాకు మార్చేశారు. 1917లో మక్కా షరీఫ్ హుస్సేన్ ఇద్దరు అమీర్లకు లేఖ రాశారు. తమ ప్రాంతాలకు వచ్చిన ఆర్మీనియన్లను సొంత ఆస్తిలా, సొంత బిడ్డల్లా కాపాడాలని, వాళ్లకు కావలసిన సాయం చేయాలని ఆదేశించారు. ఎడారిలో ఎందరో అరబ్బులు పిల్లలకు ఇంత రొట్టె పెట్టి నీడనిచ్చారు. అలాగని వాళ్లందరూ సుఖంగా ఉన్నారని కాదు. అమ్ముడుపోయిన ఆడపిల్లలున్నారు, ఇళ్లలో బానిసల్లా బతికినవాళ్లున్నారు.

ఆ బిడ్డల కోసం వచ్చినావిడ కూడా నాలాగే ఒక టీచరు. పేరు కారెన్ యెప్పే, డెన్మార్క్ దేశస్థురాలు. 1903లో ఉర్ఫాలోని ఆర్మీనియన్ పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చింది. 1915లో కొందరిని తన ఇంట్లోనే దాచింది. ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లినా, 1921లో మళ్లీ అలెప్పో వచ్చి, నానాజాతి సమితి తరఫున ఒక ఆశ్రయ గృహం నడిపింది. కొన్నేళ్లలో 1,500 మందికి పైగా స్త్రీలు, పిల్లలు ఆ గడప తొక్కారు.

ఆ గృహం పనిచేసిన తీరు మన కార్యకర్తలు వినదగ్గది. వచ్చిన ప్రతి మనిషి పేరు, తల్లిదండ్రుల పేర్లు, సొంత ఊరు రిజిస్టరులో రాసి ఫొటో అంటించేవారు. అది బంధువులను వెతకడానికి. తర్వాత పని నేర్పేవారు. ఆడవాళ్లకు కుట్టుపని, ఎంబ్రాయిడరీ. ఆ ఎంబ్రాయిడరీ విదేశాలకు అమ్మకానికి వెళ్లేది. పని నేర్పి ఊరుకోలేదు, కొనేవాళ్లనూ వెతికారు. చేతిలో పని పెట్టాకే బయటికి పంపాలన్నది ఆ గృహం పద్ధతి.

రైతు కుటుంబాలకు సూది దారం ఇస్తే ఏం లాభం? వాళ్లకు భూమి కావాలి. యెప్పే హాజిమ్ పాషా అనే బెదుయిన్ నాయకుడి సహకారంతో భూమి సంపాదించి, అలెప్పోకు తూర్పున ఆర్మీనియన్ రైతుల పల్లెలు నిలబెట్టింది. క్రైస్తవ టీచరు, ముస్లిం నాయకుడు, నిరాశ్రయ రైతులు, ముగ్గురూ కలిస్తేనే అక్కడ నాగలి కదిలింది. ఆమె 1935లో అలెప్పోలోనే కన్నుమూసింది.

ఇంకో ఉదాహరణ వింటే మీ మనసు ఆర్ద్రమవుతుంది. కుతాహ్యా పట్టణం పింగాణీ పలకలకు పేరు పొందింది. అక్కడి నిపుణుడు డేవిడ్ ఒహానెస్సియన్‌ను కూడా కుటుంబంతో సహా వెళ్లగొట్టారు. అలెప్పోలో దిక్కులేకుండా ఉన్న ఆయన్ని యుద్ధం ముగిశాక జెరూసలేం రప్పించారు. ఎందుకో తెలుసా? ఖుబ్బతుస్సఖ్రా, అంటే బంగారు గుమ్మటం ఉన్న ఆ పవిత్ర కట్టడం, దాని గోడల పలకలు పాడైతే బాగుచేయడానికి. ఆ పని అనుకున్నట్టు పూర్తి కాలేదు. అయినా ఆయన 1919లో అక్కడే కార్ఖానా పెట్టి, కుతాహ్యా నుంచి మరికొందరు పనివాళ్లను తెచ్చుకుని, అనాథలకు ఆ విద్య నేర్పాడు. వచ్చినవాళ్లలో రెండు కుటుంబాలు 1922లో సొంత కొలిమి పెట్టుకున్నాయి. ఇవాళ జెరూసలేం పింగాణీ అంటే ఆర్మీనియన్ పింగాణీయే. ఆయనకు కావలసింది దానం కాదు, ఒక గిరాకీ. ఆ గిరాకీ మన మస్జిదుల చెంత నుంచే వచ్చింది.

ఇది పాత కథ కాదు. 2023 సెప్టెంబరులో నగోర్నో కరబాఖ్‌ను అజర్‌బైజాన్ సైన్యం స్వాధీనం చేసుకున్నప్పుడు, దాదాపు వారం రోజుల్లో లక్ష మందికి పైగా ఆర్మీనియన్లు లాచిన్ దారి వెంట ఆర్మీనియాకు చేరారు. అంతకుముందు తొమ్మిది నెలలు ఆ దారి మూతపడి తిండికి, మందులకు కటకటలాడారు. మొత్తం జనాభా 30 లక్షలున్న చిన్న దేశం అది. ఇంటి అద్దెకు, ఖర్చులకు మనిషికి నెలకు 50,000 డ్రామ్‌లు ప్రభుత్వం ఇచ్చింది. అద్దె తీరింది. కానీ నిన్నటిదాకా దానిమ్మ తోట ఉన్న రైతు అద్దె గదిలో ఏం చేయాలి? రకరకాల ఆకుకూరలు కూరి కాల్చే వాళ్ల ఊరి రొట్టెను యెరెవాన్‌లో అమ్ముకుంటూ కొందరు ఆడవాళ్లు పొయ్యి వెలిగించుకున్నారు. వాళ్లు కూడా అడిగింది బజారు దారే.

దాతలారా! రేషన్ కిట్ వద్దని నేను అనడం లేదు. మొదటి నెల అదే ప్రాణం. రెండో నెల నుంచి మన పద్ధతి మారాలి. నా అనుభవంలో తండ్రికి పని పోయిన నెలలోనే పిల్లవాడు బడికి రావడం తగ్గుతుంది. వాడికి నోటు పుస్తకాలిచ్చినంత మాత్రాన వాడు రాడు. తండ్రికి పని దొరికితే వస్తాడు.

అందుకని మూడు మనవులు. ఒకటి, దరఖాస్తులో ‘ఏం కావాలి?’ అనే గడి పక్కనే ‘ఏ పని వచ్చు?’ అనే గడి కూడా ఉండాలి. రెండు, కుట్టుమిషన్ ఇచ్చేటప్పుడే యూనిఫారాల ఆర్డరు కూడా చూపించాలి. మన దాతల్లో దుకాణదారులు, స్కూళ్ల యజమానులు ఉన్నారు. చందా ఇచ్చే మీరే గిరాకీ కూడా ఇవ్వగలరు. మూడు, సాయం పుచ్చుకునేవాళ్లను వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయడం మానాలి. యెప్పే తీసిన ఫొటో బంధువుల కోసం. మనం తీసేది ఎవరి కోసం?

జకాత్ ఎవరికి చెల్లుతుందో ఉలమాలు చెబుతారు. సదఖాకు మాత్రం మతం అడ్డు రాదు. బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యా కుటుంబానికి ఎంత హక్కుందో, మన వీధిలోకి పనికోసం వలస వచ్చిన హిందూ, క్రైస్తవ కుటుంబానికీ అంతే ఉంది. మన గడప ముందుకొచ్చిన మనిషిని ముందు పేరు అడుగుదాం, తర్వాత పని అడుగుదాం, మూడోది అడగనక్కర్లేదు.

వచ్చే ఏడు ఈ సంచికలో సాయం అందుకున్నవాళ్ల జాబితాతో పాటు, ఇక సాయం అవసరం లేనివాళ్ల సంఖ్య కూడా అచ్చు కావాలని నా కోరిక. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.